హద్దురాళ్లకు సున్నం

ఎల్‌బీ నగర్‌లో మా కింది వాటాలో కిరాయికి ఉండే వెల్డింగ్ అన్నకు ఆదివారమంటే సున్నం బకెట్టే. స్కూటర్ వెనక నన్ను ఎక్కించుకుని, ఆ బకెట్ నా ఒళ్లో పెట్టి నాదర్‌గుల్ తీసుకెళ్లేవాడు. అక్కడ బిడ్డ కాలేజీ చదువు కోసమని కొన్న చిన్న ప్లాటు ఉండేది. గుడి ముందర విడిచినట్టు హద్దురాయి దగ్గరే చెప్పులు విడిచేవాడు. గడ్డి పీకి, నాలుగు రాళ్లకూ సున్నం వేసేవాడు. పక్కనున్న ఏరోడ్రోమ్ శిక్షణ విమానాలు నెత్తిమీద తిరుగుతున్నా తలెత్తి చూసేవాడు కాదు.

“మొన్ననే ఏసినవ్ గదన్నా, మళ్ల ఎందుకు?” అని ఒకసారి విసుక్కున్నాను.

“వాన పడ్డది గద తమ్మీ. రాయి కనపడకుంటే ఎవడన్న జరుపుతడు. ఎంత జరిగితే గంత నా బిడ్డ చదువు తగ్గుతది,” అన్నాడు.

ఆ పిల్లకు ఇంజినీరింగ్ సీటు రాగానే ప్లాటు అమ్మేశాడు. వాడకట్టంతా మిఠాయి పంచాడు. ఆ తర్వాతి ఆదివారం మాత్రం బకెట్ కడిగి, ఎండలో బోర్లించి, దాని పక్కనే ఊరికే కూర్చున్నాడు. కొన్నాళ్లకు పిల్ల కాలేజీకి దగ్గరని ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. స్కూటర్ వెనక కూర్చునే ఆదివారాలు నాకూ పోయాయి.

మొన్న ఆదివారం మనసు లాగి నాదర్‌గుల్ వెళ్లాను. ఆ ప్లాటులో ఎవరిదో మేడ లేచింది. ప్రహరీ బయట, ఒక మూలన పాత హద్దురాయి ఇంకా ఉంది. చెయ్యి వేస్తే వేళ్లకు తడి సున్నం అంటింది.

స్కూటర్ కనబడుతుందేమోనని రోడ్డు చివరిదాకా పరిగెత్తాను.