చార్జింగ్ సెల్లుల మామ

పోయిన ఆదివారం పొద్దున బాపు ఆసిఫాబాద్‌కు ఫోన్ చేశాడు. "బిడ్డా, మామ పోయిండు. జల్ది రా" అన్నాడు. పోయింది మా అవ్వ తమ్ముడు, నా ఒక్కగానొక్క మేనమామ. బస్సెక్కి కూర్చున్నాక గాని నాకు ఏడుపు రాలేదు.

దుబాయి నుంచి తిరిగొచ్చి మామ జగిత్యాల దగ్గరి మా ఊళ్లోనే టేపు రికార్డర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. అప్పట్లో గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి పెట్టెలో ఎమర్జెన్సీ లైటో, గడ్డం గీసుకునే మిషనో ఉండేది. కొన్నాళ్లకు మూలపడేది. మామ వాటిని అడిగి తెచ్చుకుని విప్పేవాడు. లోపల చార్జింగ్ సెల్లులు కట్టగా ఉంటాయి. కట్టలో ఒక్కటి చస్తే మొత్తం పారేస్తారు. ఆయన వాటిని విడదీసి, ఒక్కొక్కదాన్నీ చార్జి చేసి, చిన్న బల్బు తగిలించి ఎదురుగా కూర్చునేవాడు.

"వెలిగింది గదా మామా!" అంటే, "వెలుగంగనే నమ్ముతరా? జరసేపు కానియ్యి, దాని అసలు గుణం బయటపడ్తది" అనేవాడు.

మనుషుల్నీ అట్లాగే చూసేవాడు. కూరగాయలామె కొసరు వేస్తే, అడుగున పుచ్చులున్నాయేమోనని సంచి బోర్లించేవాడు. అయినా మంచివని తేలిన సెల్లులతో లైట్లు కట్టి, సైకిల్ మీద అడవి పక్క ఊళ్లకు పోయి అక్కడి సర్కారు నర్సమ్మకు ఇచ్చేవాడు. కరెంటు పోతే కాన్పులకు ఆమెకు అవే దిక్కు. ఆ సంగతి అత్తకు కూడా చెప్పలేదు. చెబితే ఊరంతా చాటుతుందని అనుమానం.

అవి నక్సలైట్ల కోసం పోలీసులు ఊళ్లు గాలించే చెడ్డ రోజులు. సంచిలో తీగా సెల్లూ కనిపిస్తే బాంబేననుకునే కాలం. ఒక మధ్యాహ్నం పోలీసులు మామను, ఆయన సెల్లుల బుట్టను జీపులో వేసుకుపోయారు. అట్లా పోయినవాళ్లలో తిరిగి రానివాళ్లూ ఉన్నారు. బాపు స్టేషన్‌కు ఉరికాడు. మామ చెప్పింది విని, నర్సమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె ఎస్సై ముందు లైటు పెట్టి, "గీ వెల్తుర్లనే సార్, నేను కాన్పులు చేసేది. కావాల్నంటె ఆ తల్లుల్ని పిలిపిస్త" అన్నది. సాయంత్రానికి వదిలేశారు.

ప్రాణం దక్కింది గాని మామకు మనసులో ముల్లు దిగింది. కబురు పంపకముందే బాపు ఎట్లా వచ్చాడు? "పట్టిచ్చిందీ బావనే, ఇడిపిచ్చిందీ బావనే" అన్నాడట. మా గడప తొక్కడం మానేశాడు. అవ్వ పోయి రాఖీ కడితే చేయి చాచాడు గాని, బావ ఎట్లున్నడని అడగలేదు.

రెండు వానకాలాలు గడిచాయి. బాపు మలేరియాతో మంచం పట్టినా మామ రాలేదు. ఆ జ్వరం రోజుల్లోనే ఒకనాడు వాళ్లింట్లో జరిగింది మొన్న, శవాన్ని తీసుకుపోయాక, అత్త నాకు చెప్పింది.

"ఇగ తట్టుకోలేకపోయిన బిడ్డా. 'నిన్ను పట్టిచ్చింది మీ బావ కాదు, నేనే' అని చెప్పేసిన."

సంచి నింపుకుని అడవి దిక్కు పోతుంటే, మామ అడవిలోని అన్నలకు బాంబుల కోసం సెల్లులు మోస్తున్నాడనుకుంది అత్త. ఆయనను జర బెదిరించమని తన పుట్టినూరి హోంగార్డును బతిమాలింది. అతను పైవాళ్లకు చెప్పేశాడు. జీపు రాగానే ఏడుస్తూ బాపు దగ్గరికి వచ్చి అంతా చెప్పింది. ఆమె కాపురం కోసం బాపు ఆ నింద తానే మోశాడు.

"మరి మామ ఏమన్నడు?"

"'నన్నే అడగకపోతివి' అన్నడు. 'అడిగితె నిజం చెప్తవని నమ్మకమేడిది?' అన్న. తిడ్తడనుకున్న. 'నేనెవ్వర్ని నమ్మిన గనుక, నువ్వు నన్ను నమ్మనీకి?' అన్నడు. చెప్పులేసుకోని మీ ఇంటికొచ్చిండు."

ఆ రాకడ నాకు గుర్తుంది. వానలో తడిసి ముద్దై మామ గడపలో నిలబడ్డాడు. బాపు గొంగడి కప్పుకుని కుంపటి ముందున్నాడు.

"నాకెందుకు చెప్పలే బావా?"

"చెప్తె నమ్ముదువా?"

మామ గడప దాటాడు. వచ్చి బాపు పక్కన కూలబడ్డాడు. బాపు కుంపటి మీద కాలుతున్న మక్కజొన్న కంకిని తీసి, నడుమకు విరిచి, సగం ఆయన చేతిలో పెట్టాడు. బయట వాన ఎక్కువైంది. ఇద్దరూ ఒకే గొంగడి కింద, వేడి గింజలు ఊదుకుంటూ, వానవైపు చూస్తూ తిన్నారు.