అవ్వ ఎండలో గోబర్‌గ్యాసు

హిందూపురంలో మాది చింతపండు, బెల్లం అంగడి. గల్లాపెట్టె పక్కన కూర్చుని మాటలు నేర్చుకున్నవాణ్ణి. ఎవరైనా ఒక మాట చెబితే వెంటనే ఒప్పుకోవడం నాకు చేతకాదు. బస్సు కండక్టరుతో కూడా టికెట్టు బేరమాడబోయి తిట్లు తిన్నాను. తొంభైల నడుమ, పెళ్లయిన కొత్తలో, పెనుకొండ దగ్గర మా తోటలో కాపురం పెట్టాము. నాయన తల్లి, మా అవ్వ, అప్పటికే అక్కడ ఉండేది.

వంటింట్లో కందికట్టె పొగ. సంగటి కెలికి బయటికొచ్చేసరికి నా భార్య కళ్లు ఎర్రగా వాచి ఉండేవి. గోబర్‌గ్యాసు కట్టిద్దామనుకున్నాము. గొడ్లున్నాయి, పేడకు కొదవ లేదు. కావలసింది చోటే.

మేస్త్రి వచ్చి పెరడంతా తిరిగాడు. "చింతచెట్టు కాడ వద్దప్పా, వేర్లు గోడలోకి దూరుతాయి. బాయి కాడా వద్దు, నీళ్లు చెడతాయి. గొడ్ల కొట్టానికీ వంటింటికీ దగ్గర్లో, పొద్దంతా ఎండ పడే చోటు చూడు. ఎండ లేకుంటే చలికాలం గ్యాసు సరిగా రాదు."

"కొంచెం నీడున్నా సర్దుకోదా?"

"ఎండతో కూడా బేరమేనా అప్పా?" అన్నాడు.

మరుసటి రోజంతా నీడల్ని చూస్తూ గడిపాము. నీడ ఎక్కడిదాకా వస్తే అక్కడ నా భార్య ముగ్గుపిండితో గీత గీసేది. పొద్దున ఇంటి నీడ పడమటికి సాగి పడుకుంది. మధ్యాహ్నానికి గోడ కిందికి ముడుచుకుంది. సాయంకాలం చింతచెట్టు నీడ, నిద్రలో చెయ్యి చాపినట్లు, మెల్లగా తూర్పుకు జారింది. పొద్దు గుంకేసరికి పెరడంతా తెల్లటి గీతలు, ఎవరో కలలో మొదలుపెట్టి మరిచిపోయిన ముగ్గులాగా. ఏ నీడా తాకని చోటు ఒక్కటే మిగిలింది. అందులో అవ్వ మంచం ఉంది.

చలికాలం అవ్వ మోకాళ్లు బిగుసుకుపోయేవి. ఆ ఎండలో కాసేపు పడుకుంటే గానీ లేచి నడవలేకపోయేది. ఆ చోటు తీసుకుంటే ఆమె నడక పోయినట్టే. వదిలేస్తే నా భార్య కళ్లు పోయినట్టే. ఇంకేం, బేరానికి కూర్చున్నాను.

"అవ్వా, మందపాటి కంబళి తెస్తా."

"కంబళి ఉండాది."

"రోజూ మోకాళ్లకు వేన్నీళ్ల కాపు నేనే పెడతా."

"నువ్వు నిద్ర లేచేసరికి మధ్యాహ్నమైతాది."

"ధర్మవరం పట్టుచీర?"

"కట్టుకొని యాడికి పోవల్ల, పేడకుప్ప కాడికా?"

అంగడి విద్యల్లో చివరిది, వద్దులే అని లేచి నడవడం. నాలుగడుగులు వేసేలోగా అవతలివాడు పిలవాలి. "సరేలే, గ్యాసే వద్దు" అని లేచి, వీలైనంత నిదానంగా నడిచాను. పిలుపు రాలేదు. బాయి దాకా పోయి, ఏదో పనున్నట్లు లోపలికి తొంగి చూశాను. నీళ్లలో ఆకాశం, దాని అంచున నా తల. తిరిగొచ్చేసరికి, కొలతలకని వచ్చిన మేస్త్రితో అవ్వ మాట్లాడుతోంది.

"గ్యాసుకు తవ్వే గుంత మీద ఏముంటాదప్పా?"

"గుమ్మటం కట్టి మన్ను కప్పేస్తామవ్వా. చిన్న దిబ్బ మాదిరి కనపడతాది."

"దాని మీద మనిషి కూర్చుంటే?"

"ఏం కాదు. గొడ్లు ఎక్కకుండా చూసుకుంటే చాలు."

అవ్వ నా వైపు తిరిగింది. "కింద నీ పెండ్లానికి ఇస్తా. పైన నాది. నువ్వు అడగాల్సింది ఇదిరా అంగడోడా, చీర కాదు."

కట్టడం అయ్యాక పేడనీళ్లు నింపి వారాల తరబడి ఎదురుచూశాము. మొదట వచ్చిన గాలి అంటుకోలేదు, బయటికి వదిలేశాము. తర్వాత ఒక పొద్దున పొయ్యి మీద నీలం మంట లేచింది. ఎంత పల్చగా ఉందంటే, వెలుగుతోందో లేదో తెలియక నా భార్య వంగి చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్లు తేటగా ఉన్నాయి.

బయట దిబ్బ మీద అవ్వ. ఎత్తు మీదుంది కదా, పొద్దు కొండ దాటగానే మొదటి ఎండ ఆమెకే. పెరడంతా మంచులో, గొడ్ల ఊపిరిలో మునిగి ఉంటే, ఆమె ఒక్కతే గోనెపట్ట మీద కాళ్లు చాపుకుని బంగారు రంగులో తేలుతోంది.

"కొంచెం జరుగవ్వా, నేనూ కూర్చుంటా."

"ఊరికెనా?"

"ఏం కావల్లో చెప్పు."

ఆమె కళ్లు మూసుకుని ఆలోచించింది. నేను కింద నిలబడి కాఫీ అన్నాను, కాళ్లు పిసుకుతానన్నాను. బేరం తెగకముందే ఎండ మెల్లగా దిబ్బ దిగి నా పాదాల దాకా వచ్చింది.