దొర గిటారుకి గీతలు పెట్టించిన కథ

కొత్త సామాను కొనేటప్పుడు ఎక్కడైనా గీత ఉందేమోనని తిప్పి తిప్పి చూసే ఇంట్లో పుట్టాను నేను. స్టీలు బిందె మీద వెంట్రుకంత గీత కనబడినా సరే, మా అమ్మ మేలూరు బజారు దాకా మళ్లీ నడిచిపోయి, అంగడివాణ్ణి నాలుగు కడిగేసి, బిందె మార్చుకొచ్చేది. ఆమె కడుపున పుట్టినదాన్ని, ఈ వయసులో, గీతలు పోయాయని మా అత్తతో పోట్లాడాను. తప్పంతా మా బావది.

మా బావ అంటే నా మొగుడే, మేనత్త కొడుకు. కోయంబత్తూరులో ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్లు చేసే వర్క్‌షాపు మాది. పెళ్లికి ముందు ఆయన కల్యాణాలకు వచ్చే ఒక ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. మేలూరులో మా పెద్దమ్మ కూతురి పెళ్లికి ఆ ఆర్కెస్ట్రానే పిలిపించారు. అందరూ పాటగాళ్లను చూస్తుంటే నేను ఈయన వేళ్లను చూశాను. అబ్బా, ఏం వేళ్లవి! పాటలకు మధ్య, తను సొంతంగా కట్టిన ఒక ముక్క వాయించాడు. సగంలో ఆగిపోయాడు. మరిచిపోయాడని పందిట్లో ఈలలు వేశారు, పగలబడి నవ్వారు. నాకు ఆ సగమే చాలింది. మిగతా సగం పెళ్లయ్యాక తీరిగ్గా విందాంలే అనుకుని, చేసుకుంటే ఈయన్నే అని ఇంట్లో భీష్మించుకు కూర్చున్నాను.

నా తెలివి మండిపోను! ఆ కల్యాణం తరువాత ఆయన గిటారు ముట్టుకుంటే ఒట్టు. ఉన్నదాన్ని కూడా ఎవరికో ఇచ్చేశాడు. ఎప్పుడడిగినా ఒకటే మాట, ఆ రోజు తప్పు తనది కాదు, గిటారుది. మా వర్క్‌షాపు ఆఫీసు గోడకి, దేవుళ్ల పటాల పక్కన, ఒక విదేశీ దొర గిటారుతో నిలబడ్డ ఫోటో ఉంటుంది. పాత పత్రికలోంచి చించి అద్దం కట్టించింది. ఆ దొర పేరు ఇక్కడ చెప్పను. ఆ పేరు వినబడితే చాలు, మా బావ పట్టుకున్న మనిషిని వదలడు. గ్రైండరు కొనడానికొచ్చినవాళ్లు కూడా నిలబడి వినాల్సిందే. చివరికి, "ఆ గిటారు మాత్రం నా చేతిలో ఉండుంటే..." అని ఒక నిట్టూర్పు. పాపం, వాళ్లు పిండి రుబ్బుకునేదాని కోసం వచ్చినవాళ్లు.

ఇన్నేళ్లూ విని ఊరుకున్నాను. కానీ ఈ మధ్య ఆయన ఎడమచేతి వేళ్లు రెండు బిగుసుకోవడం మొదలుపెట్టాయి. పొద్దున చొక్కా గుండీ పెట్టుకోవడానికి నన్ను పిలుస్తున్నాడు. ఇది మెల్లిగా పెరిగేదే తప్ప తగ్గేది కాదని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఆ మిగతా సగం ఇక నాకు వినే రాత లేదా అని. తరువాత ముఖం కడుక్కుని బయటికొచ్చాను.

"బావా, ఆ దొర గిటారు ఎట్లుండాదో అచ్చం అట్లే ఒకటి చేపిద్దాము" అన్నాను.

మా బావ నీళ్లు నమిలాడు. "అది దొరికేది కాదే. లోకంలో ఒకటే ఉండాది."

"అందుకే కదా చేపిద్దామంటా ఉండేది. ఇంక నీకు సాకు లే."

పోదనూరు పాత రైల్వే కాలనీలో ఒకాయన ఉన్నాడు. ఆ చుట్టుపక్కల చర్చిల్లో వాయించే గిటార్లన్నీ ఆయనే బాగుచేస్తాడు, కొత్తవి కూడా చేస్తాడు. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు. ఫోటో ఆయన ముందు పెట్టాం. లేత నీలం రంగు గిటారు. కుడి ముంజేయి ఆనేచోట రంగంతా ఊడిపోయి కట్టె కనబడుతుంది. ఒళ్లంతా గీతలు. పైన తలకాయ దగ్గర నల్లగా ఒక మచ్చ. దొర వాయించేటప్పుడు సిగరెట్టును అక్కడ తీగల మధ్య దోపేవాడట.

"బాగా చేసిస్తాను అక్కా," అన్నాడాయన. "ఈ కీరలు, కాలింది, అదంతా లేకుండా నైసుగా చేసిస్తాను."

గీతల్ని మేము కీరలంటాం. మా బావ వెంటనే లేచి నిలబడ్డాడు. "కీరలు లేకుంటే నాకు వొద్దు. ఒక్కొక్క కీరా ఆడ ఉండేట్టే ఈడా ఉండాల."

గిటారు చేసేవాడు నా వైపు చూశాడు, ఈ సారుకి మతి బాగానే ఉందా అన్నట్టు. నేను తల ఊపాను. "చెప్పినట్టు చెయ్యి తమ్ముడూ. ఈయన వాయించాలంటే వేరే దారి లే."

చేశాడు. ఎంత అందంగా చేశాడంటే, నున్నగా మెరిసిపోయే ఆ నీలం గిటారును చూసి నాకే దాచుకోవాలనిపించింది. అక్కడినుంచి మొదలైంది దాన్ని పాడుచేసే పని. మొదటి గీత గీసే ముందు ఆయన కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నాడు. ముంజేయి ఆనేచోట గోనెపట్టాతో రోజూ రుద్దాడు. "కీరలు పడకుండా చూసుకునేదానికే ఇన్నేళ్లు కష్టపడినాను అక్కా," అని నాతో మొరపెట్టుకున్నాడు. "ఇబ్బుడు కీరలు పెట్టేదానికే కూలి ఇస్తా ఉండారు."

సిగరెట్టు మచ్చ దగ్గర పని ఆగిపోయింది. ఆయన సిగరెట్టు ముట్టడు. కాలనీలో ఎవరైనా ఆయన చేతిలో సిగరెట్టు చూస్తే ఆ వారం చర్చిలో తలెత్తుకోలేనన్నాడు. మా బావ కూడా ముట్టడు. నేనే మా పూజగదిలోంచి ఊదుబత్తి తీసుకుపోయి, వెలిగించి, ఫోటో చూసుకుంటూ సరిగ్గా ఆ చోట కాల్చాను. అచ్చం దొర మచ్చే వచ్చింది. కాకపోతే ముక్కు దగ్గర పెట్టుకుంటే చందనం వాసన.

ఇక అయిపోయిందనుకున్నాను. ఎక్కడ? మా బావకి వారానికొక కొత్త గీత కనబడేది. ఫోన్లో పెద్దది చేసి చూపించేవాడు, ఇదిగో ఇక్కడొకటి, అదిగో అక్కడొకటి. అన్నిటికంటే పొడుగాటి గీత ఒకటి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్నది, గిటారు చేసేవాడు కష్టపడి పెట్టాక తెలిసింది, అది గీతే కాదు, పత్రిక కాగితం మడత. మా బావ దాన్ని పూడ్చమన్నాడు. పూడ్చాక ఇంకో ఏడాది తీసిన ఫోటో దొరికింది. అందులో వేరే గీతలు.

గిటారు చేసేవాడు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఓపిగ్గా అడిగాడు. "సార్, మీకు ఏ ఏడాది గిటారు కావాల?"

మా బావ ఆలోచించి చెప్తానన్నాడు. అప్పుడు వెలిగింది నా బుర్రకి. ఈ మనిషి గీతలు వెతకడం లేదు, గిటారు పూర్తి కాకుండా చూసుకుంటున్నాడు. గిటారు చేతికొస్తే వాయించాలి కదా! ఒళ్లు మండిపోయింది. అప్పటికప్పుడు గిటారును ఒక దుప్పట్లో చుట్టి, ఆటో ఎక్కించి, వర్క్‌షాపుకి తెచ్చి, దొర ఫోటో కింద మేకుకి తగిలించాను.

అయినా ముట్టుకోలేదు. తీగలు అవి కావట, ఆ దొర ఊళ్లో చలి మన ఊళ్లో లేదట. రోజూ దాన్ని చూసి, దొరను చూసి, తన వేళ్లు చూసుకుని బయటికి పోయేవాడు. నేను చూడట్లేదనుకునేవాడు. పొద్దున గుండీలు పెడుతుంటే ఆ రెండు వేళ్లు నా చేతికి చల్లగా తగిలేవి. నాకు కోపమూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. పండుగకి ముందు వర్క్‌షాపంతా కడిగి, మిషన్లకి గ్రీజు తీసి, పాత రంగు మీద కొత్త రంగు వేయడం మాకు వాడుక. లేత్‌కి, డ్రిల్లింగ్ మిషనుకి, ఆఖరికి స్టూళ్లకి కూడా ఒకే ఆకుపచ్చ ఎనామిల్. ఆ పని దగ్గరుండి చూసుకునేది మా అత్త, అంటే మా బావ అమ్మ. ఎనభై దాటినా ఆ రోజు మాత్రం కుర్చీ వేయించుకుని వర్క్‌షాపు మధ్యలో కూర్చుంటుంది. అప్పుడే ఆమె కంట గిటారు పడింది.

"ఏమే, కొత్తదని చెప్పి పైకమిచ్చి పళసు తెచ్చినారా?" అంది. పళసంటే పాతది.

"కొత్తదే అత్తా. కావాలనే కీరలు పెట్టించినాము."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నా కొడుక్కి బుద్ధి లే, అది నాకు తెలుసు. నీకన్నా ఉండాల కదే?"

నేను నవ్వేసి, మా బావతో పూలకీ గుమ్మడికాయలకీ బజారుకి పోయాను. తిరిగి వచ్చి చూస్తే గిటారు ఆకుపచ్చగా ఉంది. లేత్ ఏ పచ్చో అదే పచ్చ. మా అత్త చెప్పింది, రంగు వేసే మేస్త్రీ చేశాడు. ఎంత శ్రద్ధ అంటే, గీతలన్నిటికీ పుట్టీ పెట్టి, నా ఊదుబత్తి మచ్చను కూడా పూడ్చి, తీగల కింద పేపరు దూర్చి, తళతళలాడేట్టు వేశాడు. బ్రష్షు గీత ఒక్కటి కనబడితే ఒట్టు!

పూలబుట్ట కింద పెట్టేశాను. ఇక నా నోరు ఆపడం ఎవరివల్లా కాలేదు. "ఏంటికి చేసినావత్తా? నిన్నెవరు చెయ్యమనింది? ఆ పోదనూరు తమ్ముడు కండ్లు పొయ్యేట్టు కూచోని గీసిన కీరలవి!" అని అరిచాను.

"పూజలో పెట్టేదాన్ని కీరలతో పెడతారా ఎవరన్నా?" అని ఆమె తాపీగా అడిగింది. "చూడు ఇబ్బుడు ఎంత లక్షణంగా ఉండాదో."

మా బావ ఏమంటాడోనని తిరిగాను. ఆయన ఒక గ్రైండరు రాయి మీద కూర్చుని దాన్నే చూస్తున్నాడు. కోపం లేదు. భుజాలు దింపుకుని, బడికి సెలవిచ్చినట్టు హాయిగా ఉన్నాడు. నాకు ఇంకా మండింది.

మా అత్త గిటారుకి గంధం రాసి, కుంకుమ పెట్టి, నడుమ నామం దిద్ది, డ్రిల్లింగ్ మిషనుకీ తూకం మిషనుకీ మధ్య నిలబెట్టించింది. చామంతి దండ వేసింది. హారతి ఇచ్చాం, గుమ్మడికాయ పగలగొట్టాం, మరమరాలు పంచాం. పూజలో పెట్టినదాన్ని ఆ రోజు ముట్టకూడదు. మర్నాడు విజయదశమి పొద్దున తీసి, ఒక్కసారైనా పని చేయించాలి. లేదంటే ఏడాదంతా అది పని చేయదని మా నమ్మకం.

మర్నాడు మా అత్త పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చుంది. లేత్ తిప్పించింది. డ్రిల్లింగ్ మిషనుతో ఒక రేకుకి చిల్లు వేయించింది. తూకం మిషను మీద నిమ్మకాయ పెట్టించింది. గ్రైండర్లో పిడికెడు బియ్యం రుబ్బించింది. ఆఫీసు స్టాప్లర్‌తో వట్టి కాగితానికి పిన్ను కొట్టించింది. ప్రసాదానికి పిలిచానని గిటారు చేసినాయన కూడా అప్పుడే వచ్చాడు. తన చేతిపని పచ్చగా, నామంతో, దండతో నిలబడి ఉండడం చూసి, "ప్రభువా" అన్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు.

"రేయ్, దాన్ని తియ్యి," అంది మా అత్త కొడుకుతో. "వాయించు."

"అమ్మా, దానికి స్పీకర్ పెట్టె కావాల."

"నా స్కూటర్లో ఉండాది సార్," అన్నాడు గిటారు చేసినాయన. చర్చికి తీసుకుపోతున్నదట. అతని కడుపు చల్లగా ఉండ!

మా బావ దండ తీసి పక్కన పెట్టి గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. గోడ మీద దొరను ఒకసారి చూశాడు. పచ్చ గిటారును చూశాడు. "ఇంక ఇది ఆయన్ది కాదులే," అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

తీగలు సవరించుకుని మొదలుపెట్టాడు. మేలూరులో విన్నదే. అదే ముక్క! బిగుసుకున్న రెండు వేళ్లను పైకెత్తి పెట్టుకుని, మిగిలిన రెండింటితో, మెల్లిగా, తప్పులతో. పక్కన గ్రైండరు ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరూ ఆపలేదు. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు, కొంగుతో తుడుచుకున్నాను. అప్పుడు ఎక్కడ ఆగాడో సరిగ్గా అక్కడే ఆగాడు.

"ఏంటికి ఆపినావు?" అంది మా అత్త. "లేత్ సగంలో ఆగితే బాగుంటాదా?"

ఆయన నన్ను చూశాడు. "మిగతాది లేదే," అన్నాడు. "ఆ పొద్దు నేను మరిచిపోలే. అంతదాకే కట్టినాను. తరువాత ఏదన్నా తడుతాదిలే అని స్టేజీ ఎక్కినాను. తట్టలే. నువ్వేమో మిగతా సగం, మిగతా సగం అంటావు. ఎట్ల చెప్పేది నీకు?"

ఇన్నేళ్లు! లేని సగం కోసం ఇన్నేళ్లు కాచుకున్నాను. ఆ సంగతి చెప్పలేక ఈ మనిషి లోకంలోని గీతలన్నీ ఏరుకున్నాడు. తిడదామని నోరు తెరిచి, ఆయన చెయ్యి చూశాను. ఎనామిల్ ఇంకా ఆరలేదు. కుడి ముంజేయి ఆనిన చోట రంగు ఊడి, కింద కట్టె కనబడుతోంది. ఆ రంగంతా ఆయన ముంజేతికీ, పండుగ చొక్కాకీ అంటుకుంది.

"అయ్యో, కొత్త చొక్కా!" అని మేస్త్రీ దగ్గర కిరోసిన్ గుడ్డ లాక్కొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని రుద్దడం మొదలుపెట్టాను. రుద్దుతూనే తిట్టాను. తిడుతూనే ఏడ్చాను.

మా బావ కాసేపు ఓర్చుకుని, చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు. "ఇబ్బుడేంటికే తుడిచేది?" అన్నాడు. "రేపు మళ్లా అంటుకుంటాది కదా."