కల్పాంగ్ లోయలో సన్యాసిరావు గారి సైకిలు టూర్లు

పోర్ట్ బ్లెయిర్ శివారు గరాచర్మలో మా ఇంటి పక్క స్థలంలో మొన్న బోరు వేశారు. లారీ మీది యంత్రం పొద్దుటినుంచీ మోగి, మధ్యాహ్నానికి బూడిదరంగు బురదను పైకి కక్కడం మొదలుపెట్టింది. వంటింటి కిటికీలోంచి ఆ వాసన లోపలికి వచ్చింది. తడి సున్నంలా, కాస్త గంధకం కలిసినట్టుగా ఉంది. చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అలాంటి వాసన నేను మొదటిసారి పీల్చింది ఉత్తర అండమాన్‌లో, డిగ్లీపూర్ అవతల శ్యామ్‌నగర్ అడవిలో. అప్పుడు నా పక్కన సన్యాసిరావు గారు సైకిలును చెట్టుకు ఆనించి, ఆయాసపడుతూ, రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు.

ఆయన నా మొదటి పై అధికారి. నాకా ఉద్యోగం ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. సునామీ వచ్చిన ఆదివారం ఉదయం మా నాన్న కార్ నికోబార్‌లో, సముద్రానికి దగ్గరగా ఉన్న క్వార్టర్లలో ఉన్నారు. అక్కడ మందుల స్టోరులో గుమాస్తాగా చేసేవారు. అమ్మా నేనూ గరాచర్మలో ఉన్నాం. నాన్న దొరకలేదు. కొన్ని నెలలు కనబడనివారి జాబితాలో ఉన్న ఆయన పేరును ఒకరోజు ఎవరో చనిపోయినవారి జాబితాలోకి మార్చారు. ఆ కాగితం మీదే నాకు ఉద్యోగం ఇచ్చారు. అమ్మ ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. "ఎవరు చూశారంట?" అని మాత్రం అడిగింది. నాన్నకు చేయవలసిన కర్మలేవీ చేయకుండానే, ఆయన పోయారన్న కాగితం పట్టుకుని నేను డిగ్లీపూర్ బస్సెక్కాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. బావుల నీళ్ళు పరీక్షించడం నా పని.

సన్యాసిరావు గారిది టెక్కలి దగ్గరి పల్లె. పెళ్ళికాకముందే ఈ దీవులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. భార్య, కూతురు పోర్ట్ బ్లెయిర్‌లో బతు బస్తీలో ఉండేవారు. సన్నగా, ఎత్తుగా ఉండే మనిషి. ఉబ్బసం ఉంది. అయినా సైకిలు మీదే ఊళ్ళు తిరిగేవారు. ఆ ఆదివారపు భూకంపానికి బావులు నెర్రెలిచ్చి, చిన్న వంతెనలు కూలిపోయి, ఆఫీసు జీపు చాలాచోట్లకు వెళ్ళేది కాదు. వెళ్ళే చోట్లకు కూడా ఆయన జీపు అడగరు. జీపు వస్తే జనం దాని చుట్టూ చేరి కష్టాలు చెప్పుకుంటారనీ, సైకిలు దిగినవాడికైతే ఇంట్లోకి పిలిచి కుండలో నీళ్ళు చూపిస్తారనీ ఆయన లెక్క. నాకు సైకిలు రాదని తెలిసిన మొదటిరోజే స్కూలు మైదానానికి తీసుకెళ్ళారు. వెనక పరిగెత్తే ఊపిరి తనకు లేదనీ, నేనే పడి నేనే లేవాలనీ చెప్పి, గట్టు మీద కూర్చుని పేపరు చదువుకున్నారు. నాలుగు రోజుల్లో మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. అయిదో రోజున ఇద్దరం టూరుకు బయల్దేరాం.

కల్పాంగ్ పెద్ద నదేమీ కాదు. కొండల్లోంచి దిగి, వరిచేల మధ్యగా, పోకతోటల పక్కగా ఉత్తరానికి ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. దాని వెంటా చుట్టుపక్కలా రామ్‌నగర్, సీతానగర్, మధుపూర్, కాళీఘాట్ అంటూ ఊళ్ళు. దేశం విడిపోయాక ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న బెంగాలీ కుటుంబాలను ఓడల్లో తెచ్చి, అడవి నరుక్కోమని ఇక్కడ దింపారు. వాళ్ళు తమ దేవుళ్ళ పేర్లూ వదిలి వచ్చిన ఊళ్ళ పేర్లూ ఈ పల్లెలకు పెట్టుకున్నారు. సన్యాసిరావు గారు ఏ బావి దగ్గర ఆగినా, ముందు దాన్ని ఎవరు తవ్వారో అడిగించేవారు నాచేత. కాళీఘాట్‌లో ఒక ముసలామె తన బావి ఒరను చేత్తో నిమురుతూ, కొత్తకోడలిగా ఓడ దిగిన ఏడాది తాను వాగునీళ్ళు తాగి జ్వరంతో పడుకుంటే, భర్త నెలరోజులు ఒక్కడే తవ్విన బావి ఇదని చెప్పింది. భూకంపం తర్వాత దాంట్లో నీళ్ళు ఎర్రగా మారాయి. నేను సీసాలో నీళ్ళు నింపుతుంటే ఆమె నా మొహం వంకే చూస్తూ నిలబడింది, డాక్టరు ఏం చెబుతాడోనని రోగి తాలూకు మనిషి చూసినట్టు.

శ్యామ్‌నగర్ వెళ్ళింది ఆ నెలలోనే. అక్కడ అడవిలో బురద ఉబికే అగ్నిపర్వతాలున్నాయి. అగ్నిపర్వతమంటే నిప్పులు కక్కే కొండేమీ కాదు. చెట్ల నడుమ బోసిగా ఉన్న దిబ్బ, దాని నెత్తిన నీటితొట్టెంత గుంట, అందులో బూడిదరంగు బురద మెల్లగా ఉబ్బి బుడగై పగులుతుంది. భూకంపం తర్వాత కొత్త గుంటలు పుట్టాయని విని, దాపుల ఉన్న బావులకు ఏమైనా అయిందేమో చూడాలని వెళ్ళాం. కాళ్ళ కింద నేల కదులుతున్నట్టనిపించి నేను దూరంగానే ఆగిపోయాను. ఆయన వంగి, బురదలో వేలు ముంచి, నన్నూ ముట్టుకోమన్నారు. కాలుతుందనుకున్నాను. చల్లగా ఉంది. కార్ నికోబార్ వైపు ఏమైందో ఆ ఏడాదంతా ఎవరినీ అడగని నేను, ఎందుకో అప్పుడు అడిగాను, సముద్రం మళ్ళీ అలా వస్తుందా సార్ అని.

"తెలీదమ్మా," అన్నారు. "తెలుసునని ఎవరైనా చెప్తే నమ్మకు."

అందరూ నాకు ధైర్యం చెప్పిన రోజుల్లో ఆయన ఒక్కరే తెలియదన్నారు. నాకు అదే ఊరటనిచ్చింది.

మూడు నెలలకు నన్ను ఒంటరిగా పంపడం మొదలుపెట్టారు. ఆ వారం నా జాబితాలో చివరి బావి నది మొగ దగ్గర, ఒక ఉప్పుకాలవకు అవతల ఉంది. రాంచీ వైపునుంచి కూలికి వచ్చి స్థిరపడిన ఏడెనిమిది కుటుంబాలు అక్కడ ఉండేవి. నడకవంతెన కూలిపోవడంతో డుంగీలో దాటాలి. అంటే చిన్న నాటుపడవ. నేను వెళ్ళేసరికి పోటు మొదలైంది. సముద్రపు నీళ్ళు మడచెట్ల వేళ్ళను ఒక్కొక్కటిగా ముంచుతూ, చప్పుడు లేకుండా పైకి వస్తున్నాయి. సైకిలు హ్యాండిలు పట్టుకుని చాలాసేపు చూశాను. డుంగీ ఎక్కలేదు. వెనక్కి తిరిగి వచ్చేశాను.

మేము ఉప్పదనం కొలిచే పద్ధతి సులువైంది. ఒక మందు కలపగా పసుపురంగు తిరిగిన నీటిలో మరో మందు చుక్కచుక్కగా వేస్తూ పోతే ఒక చుక్క దగ్గర అది ఇటుకరంగుకు మారుతుంది. ఎన్ని చుక్కలు పడితే అంత ఉప్పు. ఇవతలి ఒడ్డు బావికి పదకొండు చుక్కలు పట్టాయి. అవతలి బావికి నేను పన్నెండు అని రాసేశాను. సన్యాసిరావు గారు రిజిస్టరు చూసి, అన్నీ చూశావా అని అడిగారు. చూశానన్నాను.

మర్నాడు ఉదయం నేను ఆఫీసుకు వచ్చేసరికి ఆయన సైకిలు దగ్గర నిలబడి ఉన్నారు. డుంగీవాడు పొద్దున్న బజార్లో కనిపించాడనీ, నిన్న వాడి పడవ ఎవరూ ఎక్కలేదన్నాడనీ నెమ్మదిగా చెప్పారు. ముందు ఆయన, వెనక నేను, పదమూడు కిలోమీటర్లు తొక్కాం. కాలవ ఒడ్డున సైకిలు దిగాక నేనే నోరు విప్పి, నీళ్ళంటే భయమేసిందన్నాను.

"ఆ మాట నిన్న చెప్తే నేనెళ్ళేవోణ్ణి గదమ్మా," అన్నారు.

డుంగీ అంచును రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని దాటాను. బావి ఒర పగిలి ఒక పక్కకు ఒరిగింది. పది అడుగుల దూరంలో మరుగుదొడ్డి గుంట కుంగి అందులోని నీళ్ళు బావివైపే ఊటకడుతున్నాయి. ముప్పయ్యో చుక్క దాటినా సీసాలో పసుపు మారలేదు. ఉప్పు సంగతి అలా ఉంచితే, ఆ నీళ్ళ వాసనే చెబుతోంది అవి ఎలాంటివో. అక్కడ ఫూలో అనే అమ్మాయి, నా వయసుదే, ఎనిమిది నెలల పాపను భుజాన వేసుకుని నిలబడి ఉంది. పాపకు రెండు రోజులుగా విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. ఏడవడం కూడా మానేసింది.

"నీళ్ళు చూసేవాళ్ళు నిన్న వస్తారన్నారు దీదీ," అని ఫూలో హిందీలో అంది. "రాలేదుగా, అంటే పానీ బాగానే ఉందనుకున్నాం."

ఆమె నన్ను తప్పుపట్టలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. సన్యాసిరావు గారు నావైపు తిరిగారు. బావి మూయించడానికి తాను ఉండిపోతాననీ, ఆరోగ్య కేంద్రం దాకా మనిషిని ఎక్కించుకుని తొక్కే ఊపిరి తనకు లేదనీ, నేనే వెళ్ళాలనీ అన్నారు. మళ్ళీ డుంగీ ఎక్కాను. ఈసారి కళ్ళు మూసుకోవడానికి తీరిక లేదు. ఇవతల ఒడ్డున ఫూలోను క్యారియరు మీద కూర్చోబెట్టుకుని, గతుకుల రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు తొక్కాను. ఆమె ఒక చెయ్యి నా నడుము చుట్టూ ఉంది. పాప తల నా వీపుకు తగులుతోంది. కాసేపు అది కదలకపోతే ఆగి చూసేదాన్ని. డాక్టరు సెలైన్ ఎక్కించిన రెండు గంటలకు పాప ఏడ్చింది.

సాయంత్రం సన్యాసిరావు గారు ఆరోగ్య కేంద్రం వరండాకు వచ్చి నా పక్కన కూర్చున్నారు. అప్పుడు చెప్పారు తన సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మరో దీవిలో, వానకు బద్ధకించి ఒక బావికి వెళ్ళకుండానే నీళ్ళు మంచివని రాశారట. ఆ ఊళ్ళో కామెర్లు వచ్చాయి. ఒకామె చనిపోయింది. ఎవరూ ఆయన్ని అడగలేదు. అప్పటినుంచీ చూడనిదేదీ రాయలేదన్నారు. వింటుంటే నాకు జాలి కలగాల్సింది. కోపం వచ్చింది. మా నాన్నను కూడా ఎవరూ చూడకుండానే చనిపోయారని రాశారనీ, దాన్ని ఎవరూ తప్పనలేదనీ గట్టిగానే అన్నాను.

ఆయన రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"ఆళ్ళకి సూడ్డానికి ఏటీ మిగల్లేదమ్మా," అన్నారు. "నీకు బావి ఉంది."

ఆ రోజు దాకా నేను నాన్నకోసం ఏడవలేదు. ఆ వరండాలోనే ఏడ్చాను. ఆయన లేచి వెళ్ళి, ఎక్కడినుంచో టీ తెచ్చి పక్కన పెట్టారు.

మర్నాడు రిజిస్టరులో నా పన్నెండును నాచేతే కొట్టేయించి, సరైన అంకె రాయించి, పక్కన తాను సంతకం చేశారు. పైవాళ్ళకు చెప్పలేదు. చెప్పి ఉండవలసిందేమో. నన్ను కాపాడడం సరైన పనేనా అని నాకు ఇప్పటికీ సందేహమే. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా ఆ సందేహం కూడా వెంట వస్తుంది.

ఆ తర్వాతి ఏడాది అమ్మను కార్ నికోబార్ తీసుకెళ్ళమని నాకు చెప్పింది కూడా ఆయనే. అనుమతి కాగితాలు ఎక్కడ ఇస్తారో కనుక్కుని, సెలవు మంజూరు చేసి పంపారు. క్వార్టర్లు ఉన్న చోట సిమెంటు పునాదులు మాత్రం మిగిలాయి. ఏది మాదో చెప్పగలిగే వాళ్ళెవరూ లేరు. అమ్మ ఒక పునాది మీద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, గంటసేపు సముద్రాన్ని చూసింది. తర్వాత లేచి, "చూశాం గదే. ఇంటికెళ్ళి చెయ్యాల్సింది చేద్దాం," అంది. గరాచర్మ వచ్చాక నాన్నకు కర్మ చేయించాం.

సన్యాసిరావు గారు రిటైరై బతు బస్తీలో కూతురి దగ్గర నాలుగేళ్ళు ఉన్నారు. చివర్లో మాట్లాడడం కష్టమైంది. నేను వెళ్ళినప్పుడల్లా చేత్తో చిన్నపిల్ల ఎత్తు చూపించి కనుబొమలు ఎగరేసేవారు. ఫూలో కూతురు స్కూలుకు వెళ్తోందని చెప్తే తల ఊపేవారు. ఆయన పోయిన రోజు నేను డిగ్లీపూర్‌లో ఉన్నాను. దారిలో వాన, బస్సు ఆలస్యమై, ఆఖరిచూపు దక్కలేదు.

ఇప్పుడు నా కింద ముగ్గురు పనిచేస్తున్నారు. వాళ్ళు తెచ్చే అంకెల కింద నేను సంతకం చేయాలి. అబద్ధపు అంకె ఎలా ఉంటుందో నాకు తెలుసు. పక్క బావి అంకెకు మరీ దగ్గరగా ఉంటుంది. అలాంటిది కనబడినప్పుడు కేకలు వేయను. తలుపు దగ్గరికి వేసి, భయమేసిందా అని అడుగుతాను. ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెబుతారు. పాడుబడిన దారి, కుక్కలు, ఇంట్లో జబ్బు మనిషి. విని, చెప్పులేసుకుంటాను. ఇద్దరం కలిసి ఆ బావి దగ్గరికి బయల్దేరతాం.