నాయన తవ్వుకున్న గుంత

పొద్దున్నే వ్యాను పక్కన అడవి నేలను మోకాలి లోతు తవ్వాను. ఎండుటాకుల కింద దాగిన చల్లటి ఎర్రమట్టి పైకొచ్చి పడగానే ఎమ్మిగనూరులోని మా ఇంటి వాసన వచ్చింది. మాది నేతపని చేసే ఇల్లు. నడింట్లో మగ్గం, మగ్గం కింద నాయన కాళ్లు దించుకునే గుంత, ఆ గుంతలోంచి ఎప్పుడూ లేచే తడిమట్టి వాసన, దానికి తోడు నూలుకు పట్టించిన గంజి పులుపు. మేము తిన్నా, పడుకున్నా, పోట్లాడుకున్నా ఆ వాసనలోనే.

ఉగాదికి ముందు నల్లమల దారిన కన్నడ భక్తులు గుంపులు గుంపులుగా శ్రీశైలానికి నడిచిపోయేవారు. వాళ్లకు అంబలి పోయడానికి మా చిన్నాయన ఏటా ఒక వారం తన వ్యానును అడవిలో నిలిపేవాడు. మిగతా రోజుల్లో సంతలకు చీరలు మోసే ఆ వ్యానే అప్పుడు చిన్నాయన, నాయన, నేను, మా ముగ్గురికీ ఇల్లు. లోపల చీరల వాసన పోని బొంతలు, వెనుక నీళ్ల డ్రమ్ము, తలుపుకు వేలాడే లాంతరు, పక్కన మూడు రాళ్ల పొయ్యి. నీళ్లు కావాలంటే వాగు దాకా నడవాల్సిందే. పొద్దున చిన్నాయన బొరుగులు నానబెట్టి పొగవాసన నిండిన ఉగ్గాని చేసేవాడు. మధ్యాహ్నం అమ్మ కట్టిచ్చిన ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. మోదుగుపూలు రాలి దారి ఎర్రబడేది, ఇప్పపూల వాసనకు తల తిరిగేది. ఆదోని దాటి ఆస్పరి వైపు పోతే చూపు ఆనేంత దూరం చెట్టు కనపడని నల్లరేగడి సీమ మాది. అక్కడి నుంచి వచ్చిన నాకు అంత నీడ ఒక్కచోట చూస్తే భయమేసేది. నూలు అయిపోయిన ఖాళీ కండెలకు పుల్లలు గుచ్చి బండ్లు చేసుకొని, నాయన కనపడేంత దూరంలోనే ఆడుకునేవాణ్ణి.

అడవి చేరగానే నాయన మొదట చేసే పని గడ్డపారతో గుంత తవ్వుకోవడం. ముప్పై ఏళ్లు మగ్గం గుంతలో కాళ్లు దించి కూర్చున్న మనిషికి నేల మీద మఠం వేసుకుంటే మోకాళ్లు మడతపడవు. గుంత అంచున గోనెసంచి పరచుకొని, కాళ్లు లోపలికి దించి, వచ్చినవాళ్లకు అక్కడి నుంచే చెంబులు అందించేవాడు. లోపల కాళ్లు మాత్రం, తొక్కడానికి మగ్గం చెక్కలు ఉన్నట్టే, ఒకటి మార్చి ఒకటి కదులుతుండేవి.

నాకు పదకొండేళ్లప్పుడు ఆదోని నుంచి ఒక ట్రాక్టరు వచ్చి మా పక్కనే ఆగింది. అందులో నా ఈడు పిల్లలు నలుగురు.

"ఏమ్రా, మీ నాయన గుంతలో మొల్సినాడా? నీళ్లు పోస్తే ఇంగా పెరుగుతాడేమో సూడు!" అన్నాడు వాళ్లలో ఒకడు.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

మర్నాడు పొద్దున నాయన వాగుకు పోయినప్పుడు ఆ గుంతను చేతులతో పూడ్చి, కాళ్లతో తొక్కి గట్టిచేశాను. కావడితో తిరిగొచ్చిన నాయన బిందెలు దించి నిలబడిపోయాడు.

"ఎవురప్పా పూడ్సింది?"

"అడివిపంది తొక్కింటాది, నాయనా."

నాయన వంగి చూశాడు. "అబ్బో! ఈ పంది కాళ్లకు అయిదేసి వేళ్లుండాయి గదప్పా!"

చిన్నాయన పగలబడి నవ్వాడు. నాయన కూడా నవ్వాడు. తర్వాత నా మట్టిచేతుల వైపు, ఆ తర్వాత ట్రాక్టరు దగ్గరి పిల్లల వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

చిన్నాయన గడ్డపార తెచ్చి, "ఇంగోటి తవ్వుకోన్నా" అన్నాడు.

"వద్దులేప్పా. నిలబడుకుంటే నడుముకు మంచిదంట."

మిగిలిన మూడు రోజులూ వ్యానుకు ఆనుకొని నిలబడే అంబలి పోశాడు. ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు మోకాళ్లు పిసుక్కునేవాడు. నేను చూశాను. గడ్డపార ఎక్కడుందో నాకు తెలుసు. తీయలేదు.

మరుసటేడు బయలుదేరే రోజు నాయన, "మగ్గం మీద బట్ట ఉండాది. మీ చిన్నాయనతో నువ్వు పోయిరాప్పా" అన్నాడు. ఆ ఏడు ట్రాక్టరు పిల్లలు రాలేదు. సిగ్గుపడటానికి ఎవరూ లేని అడవిలో, వారం రోజులు వ్యాను మెట్టు మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. కండెల బండి తీయబుద్ధి కాలేదు. నాయన ఇక ఎప్పుడూ రాలేదు. నేను తిరిగి వచ్చాక మాత్రం ఏటా అడిగేవాడు, "అడివి ఎట్లుండాదప్పా?" అని. బాగుండాది అనేవాణ్ణి. చెప్పవలసింది అది కాదు. నాయన పోయాక మగ్గం విప్పించి, ఆ గుంతనూ పూడ్పించి, పైన నున్నటి బండలు పరిపించింది కూడా నేనే.

ఇప్పుడు నా వ్యానులో పరుపుంది, గ్యాసు పొయ్యి ఉంది, ఫ్యానుంది. చిన్నాయన వ్యాను ఎప్పుడో పాత ఇనుములోకి పోయింది. బండ్లు నిలుపుకోవడానికి ఫారెస్టువాళ్లు చూపించిన ఈ చోటికి అంబలి అడిగేవాళ్లెవరూ రారు. ఇందాక గార్డు వచ్చి గుంత వైపు వింతగా చూశాడు.

"ఇదేంది సార్?"

"కాళ్లు పెట్టుకోనీకి."

"కుర్చీ తెచ్చుకోలేదా? పోయేటప్పుడు పూడ్సి పోండి సార్, జింకల కాళ్లు పడ్తాయి."

సరేనన్నాను. అతను పోయాక అంచున గోనెసంచి పరచి, చెప్పులు విడిచి, కాళ్లు దించాను. మడమలకు చల్లగా మట్టి తగిలింది. "నేనే పూడ్సినా నాయనా" అన్నాను పైకే. ఎండ గుంతలోకి దిగేదాకా కూర్చొని, లేచి మట్టి నెట్టి, ఒట్టికాళ్లతో తొక్కాను. పైన ఆకులు కప్పలేదు. అయిదేసి వేళ్ల ముద్రలు అట్లాగే ఉంచి వ్యాను ఎక్కాను.