దుబాసమ్మ సొంత మాట

వీధిలో ఆమెను అందరూ దుబాసమ్మ అనే పిలిచేవారు. కన్నతల్లి పెట్టిన పేరు ఎప్పుడో అటకెక్కింది. సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్ళు చర్చిలో ఒక వాక్యం చెప్పి ఆగితే, దాన్ని మన మాటల్లో వినిపించడం ఆమె పని. మాట్లాడేవాళ్ళకు ఎడమపక్కన, ఒక అడుగు వెనక నిలబడేది. వాళ్ళు 'నేను' అంటే తానూ 'నేను' అనేది. "నేను పడవల మధ్య పెరిగాను" అని చెప్తున్నప్పుడు, పడవ పేరెత్తితేనే కళ్ళు తిరిగే దుబాసమ్మ ముక్కుకు నిజంగానే ఉప్పుగాలి తగిలేది. ఎన్ని బతుకులు ఆమె గొంతులోంచి నడిచి వెళ్ళాయో దేవుడికెరుక.

పని ఇంటిదాకా వెంటవచ్చింది. దుకాణంవాడు ధర చెప్తే పక్కకు తిరిగి అదే ధర మళ్ళీ మెల్లగా అనేది. దర్జీ పని చేసే భర్త మిషన్ తొక్కుతూ నవ్వేవాడు.

"మా ఆవిడ నాకెప్పుడూ ఎదురు చెప్పదండోయ్! నేనన్నదే నాకు రెండోసారి వినిపిస్తుంది. నా తెలివితక్కువతనం నాకప్పుడు తెలుస్తుంది."

ఇక్కడి సంఘానికీ అవతలి ఒడ్డు సంఘానికీ వియ్యంకుల వరస. ప్రేమా ఉండేది, అలకా ఉండేది. వాళ్ళు ఒక నర్సును పంపితే వీళ్ళు ఒక వడ్రంగిని పంపారు. ఎవరు ఎవరికి సేవ చేస్తున్నట్టు అని ఎవరైనా వేళాకోళం చేస్తే, పాస్టరుగారు, "మనకు జ్వరాలు, వాళ్ళకు కుంటి బల్లలు. దేవుడికి రెండూ పనులే" అనేవారు.

అలా వచ్చిన నర్సే పొడుగమ్మ. తల వంచకుండా ఏ గుమ్మమూ దాటలేని మనిషి. చర్చి వెనక గదిలో తెల్లతెర కట్టి గాయాలకు కట్లు కట్టేది, పురుళ్ళు పోసేది, ఆడపిల్లలకు ఆ పని నేర్పేది. దుబాసమ్మ నీడలా పక్కనే ఉండేది. ఇకనైనా మన భాష నేర్చుకోమ్మా అని పాస్టరుగారు పోరితే, పొడుగమ్మ దుబాసమ్మ భుజం తట్టి, తన నాలుక ఈమె నోట్లో ఉందనేది. ఆ మాటనూ దుబాసమ్మే సిగ్గుపడుతూ అందరికీ చెప్పాల్సివచ్చేది.

దుబాసమ్మ తల్లి మంచాన పడినప్పుడు పొడుగమ్మ ఆ ముసలామె చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసింది. దుబాసమ్మ ఒక్కొక్క వాక్యమే తల్లి చెవిలో వేసింది. అంతా విని తల్లి కళ్ళు తెరిచింది.

"ఇదంతా ఆవిడ ప్రార్థన కదే. మరి నీదేది తల్లీ?"

తల్లి వెళ్ళిపోయింది, ప్రశ్న మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటినుంచీ ఆమెకు ఒకటే కల. ఖాళీ చర్చి, కిటికీ అద్దాల నుంచి నీలంగా నీళ్ళలా పారే వెలుగు, నోరు తెరిచి నిలబడిన తాను. ముందు మాట్లాడేవాళ్ళు ఎవరూ రారు. వెలుగు మోకాళ్ళదాకా వస్తుంది, నడుము దాకా వస్తుంది, మాట మాత్రం రాదు.

ఇంతలో పొడుగమ్మకు మోకాళ్ళు అరిగాయి. తీసుకుపోవడానికి అవతలి సంఘం వాళ్ళు వచ్చారు. వీడ్కోలు మాట దుబాసమ్మే చెప్పాలని అందరూ పట్టుబట్టారు.

"ఏం చెప్పను?" అంది భర్తతో.

"నీ మాటే చెప్పు."

"నాకంటూ ఒక మాట ఏడిస్తే కదా!"

ఆ ఉదయం చర్చిలో నిజంగానే నీలివెలుగు పరుచుకుని ఉంది. దుబాసమ్మ మొట్టమొదటిసారి ముందుకొచ్చి నిలబడింది. ఇది కల కాదు కదా అని బల్ల అంచు పట్టుకుని చూసుకుంది.

"అక్కా, మా అమ్మ పోయిన రోజు నువ్వు నాతోపాటు ఏడ్చావు."

అని ఆగిపోయింది. అలవాటు ఊరుకుంటుందా? ఒక వాక్యం, ఒక విరామం. ఎడమవైపు వెనక్కి తిరిగి ఎదురుచూసింది. అక్కడెవరూ లేరు. పాపం మాట మరిచిపోయిందనుకున్నారు జనం. ముందు వరసలో అతిథులు అర్థంకాక మొహాలు చూసుకున్నారు.

పొడుగమ్మ కర్ర ఊతంగా లేచింది. మెల్లగా నడిచొచ్చి ఎడమపక్కన, ఒక అడుగు వెనక నిలబడింది. ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా తన భాషలో అతిథులకు చెప్పింది.

దుబాసమ్మ నోరెళ్ళబెట్టింది. "నీకు మా భాష వచ్చా!"

పొడుగమ్మ అది కూడా అతిథులకు చెప్పింది. తర్వాత మన మాటల్లోనే, తడబడుతూ అంది.

"ఎప్పుడో వచ్చింది, చెల్లీ. వచ్చిందని తెలిస్తే నిన్ను నా పక్కన ఉండనిస్తారా?"

చర్చంతా గొల్లున నవ్వింది. దుబాసమ్మ మాత్రం ఆవిడ మొహంలోకే చూసింది. ఇన్నేళ్ళూ తానొక గొంతు అనుకుంది. ఆవిడకు కావలసింది గొంతు కాదు, మనిషి.

"వెళ్ళకక్కా" అంది.

పొడుగమ్మ నోరు తెరిచింది. ఆ ఒక్క మాటా తన భాషలోకి తేలేక తల వంచుకుంది. దుబాసమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, మా అక్కను జాగ్రత్తగా తీసుకెళ్ళు. పడవలో కళ్ళు తిరగనియ్యకు. అక్కడి గుమ్మాలు కాస్త ఎత్తుగా ఉండేట్టు చూడు. అమ్మకు చెప్పు, ఇది నాదేనని."

మధ్యలో ఎక్కడా ఆగలేదు.