పక్క నుంచి చూసిన శని

మా మామగారికి శని మీద ఉన్నంత కోపం దాయాదుల మీద కూడా ఉండేది కాదు. ఎద్దు కుంటితే శని, మోట తాడు తెగితే శని, జొన్నకు పురుగు పడితే శని. చివరికి నేను కాచిన చారులో ఉప్పు ఎక్కువైనా, "నీ తప్పేముండాది పాపా, నా నెత్తిన వాడు కూసోనుండాడు" అని నన్ను వదిలేసేవారు. ఆయనది తులారాశి. ఏలినాటి శని అప్పటికి చివరి భాగంలోకి వచ్చింది గానీ పూర్తిగా వదలడానికి ఇంకా రెండేళ్ల పైచిలుకు ఉందని పంచాంగం చూసే అయ్యవారు చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి మామగారు ఇంట్లో కొత్త పనేదీ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. కూలిన పెరటి గోడ కూలినట్టే ఉండేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఊరు నంద్యాల నుంచి మహానందికి పోయే దారికి కాస్త ఎడంగా ఉంటుంది. మా ఆయన కర్నూలులో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసేవారు, సెలవులకు ఊరికి వచ్చేవారు. నేను స్కూలు ఫైనలు పాసయ్యి కాపురానికి వచ్చినదాన్ని. ఆ ఎండాకాలం నాకు కడపలో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. బడులు తెరిచే నాటికి పోయి చేరకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మామగారు మాత్రం తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఏలినాటి శని పోనీ పాపా, అప్పుడు సూద్దాం" అన్నారు. శని పోయేదాకా సీటు ఆగుతుందా? నాకు ఒళ్లు మండిపోయింది. మా ఆయన ఎప్పటిలాగే గోడకు చేరబడి గోళ్లు చూసుకున్నారు.

ఆ గోళ్లు చూసుకునే మనిషికి ఒక పిచ్చి ఉండేది. కాలేజీ లైబ్రరీలో ఏదో పాత ఇంగ్లీషు పుస్తకం చదివి, నక్షత్రాలను చూసే దూరదర్శిని సొంతంగా చేయాలని పట్టుపట్టారు. మద్రాసులో పాత సామాన్ల అంగట్లో బెత్తెడు వెడల్పున్న మందపాటి గాజు బిళ్లలు రెండు దొరికితే, చంటిబిడ్డల్లా పంచెలో చుట్టి తెచ్చారు. నేను మొదట నవ్వాను. తర్వాత అందరికంటే ఎక్కువ అరగదీసింది నేనే.

పని చెప్పుకోవడానికి తేలిక. ఒక బిళ్లను పెరట్లోని పాత రోలు మీద కదలకుండా బిగించాం. దాని మీద సానరాళ్లు చేసే గరుకు పొడి, నీళ్లు చల్లి, రెండో బిళ్లను బోర్లించి ముందుకూ వెనక్కూ తోయాలి. కొంచెం తోసి ఒక అడుగు పక్కకు జరగాలి, మళ్లీ తోయాలి. అలా రోలు చుట్టూ తిరుగుతూ ఉంటే పై బిళ్ల నడుమ అరిగి లోతవుతుంది, కింది బిళ్ల ఉబ్బుతుంది. మనకు కావలసింది లోతైన బిళ్ల. ఎందుకంటే ఆకాశం నుంచి వచ్చే వెలుతురంతా ఆ గుంటలో పడి, తిరిగి పైకి లేచి, ఒక్కచోట కలుసుకుంటుంది. మా ఆయన ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా అర్థం కానిది నాకు చూరు కింద గిన్నెలు పెట్టుకునేటప్పుడు అర్థమైంది. వాన వస్తే చెంబు పెట్టిన వాళ్లకు చెంబెడు నీళ్లు, గంగాళం పెట్టిన వాళ్లకు గంగాళమెడు. మన కంటిపాప చెంబు కంటే చిన్నది. అద్దం గంగాళం. అంతే.

నేను రోలు చుట్టూ తిరగడం చూసి మా అత్తగారు మురిసిపోయారు. పక్కింటావిడకు చెబుతుంటే నా చెవిన పడింది: "మా కోడలు మామ కోసరం నవగ్రహాలకు ప్రదక్షిణాలు సేస్తాండాది. ఎండలో కూడా ఆగదు చూడు." నేను కాదనలేదు. ఆ మాట వల్ల నాకు ఆ వేసవంతా జొన్నలు విసిరే పని తప్పింది.

గరుకు పొడి తర్వాత మెత్తటి పొడి, ఆ తర్వాత ఇంకా మెత్తటిది. చివర గుగ్గిలం, మైనం కలిపి కాచిన ముద్ద మీద తుప్పులాంటి ఎర్రటి పొడి వేసి మెరుగు పెట్టాం. ధాన్యం పోసుకునే చీకటి గదిలో దీపానికి రేకు తొడిగి, రేకుకు సూదిబెజ్జం పెట్టి, ఆ వెలుగును అద్దం మీద పడేసి, తిరిగివచ్చే వెలుగుకు గడ్డం గీసుకునే బ్లేడు అంచు అడ్డం పెట్టి చూసేవాళ్లం. అప్పుడు అద్దం ముఖాన నీడలు తేలేవి. ఎక్కడ మిట్ట ఉందో, ఎక్కడ పల్లం ఉందో చేలో గట్లు కనపడినట్టు కనపడేది. చేతితో ఒక్క క్షణం తాకినా ఆ వేడికి అక్కడ గాజు ఉబ్బేది. మా ఎండల్లో తోమిన అద్దాన్ని చల్లారనివ్వకుండా చూస్తే అంతా అబద్ధమే చెప్పేది.

ఒకరోజు ఆ గదిలో నుంచి బయటికి వస్తూ నాకు ఆలోచన వచ్చింది. మామగారు అరుగు మీద కూర్చుని శనిని తిడుతున్నారు.

"మామా, ఇన్నాళ్లుగా తిడతాండావు గదా, ఆయప్పను ఒక్కతూరైనా చూసినావా?" అన్నాను.

"ఎవుర్ని?"

"శనిని. మీ కొడుకు చేసే గొట్టంలో కనపడతాడు. చూసి, నన్ను కడపకు పంపద్దని ఆయప్ప చెప్పినట్టు నీకు తోస్తే, నేను ఇంగ నోరెత్తను."

లోపలి నుంచి అత్తగారు పరుగున వచ్చి రెండు చెవులూ మూసుకున్నారు. మావైపు నవగ్రహాల దగ్గర శనికి ఎవరూ ఎదురుగా నిలబడరు. దండం పెట్టుకోవాలన్నా పక్కకు తప్పుకుని పెట్టుకుంటారు. నేరుగా ఆయన చూపు పడితే ఇంక చెప్పేదేముంది! "రాతి శనికే ఎదురు నిలబడమే, నిజం శనికి ఎదురు నిలబడమంటావా? నీకేమన్నా పట్టిందా?" అని అత్తగారు నా మీద పడ్డారు.

అప్పుడు మా ఆయన, పెళ్లయ్యాక మొదటిసారనుకుంటాను, నా తరఫున నోరు విప్పారు. నేల మీద బొగ్గుతో గొట్టం గీశారు. ఈ రకం దూరదర్శినిలో పెద్ద అద్దం అడుగున ఉంటుంది. వెలుతురు పైనుంచి దిగి దానికి తగిలి మళ్లీ పైకి పోతుంది. పై కొసన ఏటవాలుగా ఒక చిన్న అద్దం ఉండి, ఆ వెలుతురును గొట్టం పక్కనున్న రంధ్రంలోంచి బయటికి మళ్లిస్తుంది. చూసే మనిషి అక్కడ కన్ను పెడతాడు. అంటే శని ఒకవైపు ఉంటే చూసేవాళ్ల ముఖం ఇంకోవైపు ఉంటుంది. "ఎదురు నిలబడే పనే లేదమ్మా. పక్కకు తిరిగే చూడాల. నేరుగా చూద్దామన్నా ఈ గొట్టంలో కుదరదు" అన్నారు.

అత్తగారు ఆ బొగ్గు బొమ్మ చుట్టూ తిరిగి చూశారు. శని ఉండే చోట ఒక వేలు, మామగారు నిలబడే చోట ఒక వేలు పెట్టి చూసుకున్నారు. "అయితే దోసం లేదులే" అని తీర్పు చెప్పారు. ఇంక మామగారికి తప్పించుకునే దారి లేకపోయింది.

కర్నూలులో గరాటులు, డబ్బాలు చేసే సాయిబుగారు మనిషెత్తు రేకు గొట్టం చేసిచ్చాడు. రంజాను నెలవంకకు తనకూ చూపించాలని మాట తీసుకున్నాడు. పాత బండి చక్రాన్ని పడుకోబెట్టి, దాని మీద గొట్టాన్ని కొయ్యల మధ్య నిలబెడితే చక్కగా చుట్టూ తిరిగింది. మా ఆయన ల్యాబులో అద్దానికి వెండి పూత పూసి తెచ్చారు. దేవుడి గూట్లో పెడితే భద్రంగా ఉంటుందని నేనే పెట్టాను. నాలుగు రోజులకు మా ఎండకో, దుమ్ముకో పూత కాస్త పసుపు తిరిగింది.

మర్నాడు పొద్దున్నే అత్తగారు నన్ను పిలిచి గర్వంగా చూపించారు. అద్దం తళతళలాడుతోంది. గాజులోంచి ఆమె అరచేతి గీతలు కూడా కనపడుతున్నాయి! "శనేశ్వరుడు వచ్చి దిగే అద్దం, మురికిగా ఉంటే ఆయప్పకు కోపం రాదా? యిబూది పెట్టి బాగా తోమినా" అన్నారు. ఇంట్లో వెండి కుందులు తోమినట్టే తోమారు. పూత మొత్తం పోయింది, వట్టి గాజు మిగిలింది. నేను కేకలు పెట్టాను, పొద్దుటి అన్నం మానేశాను. మా ఆయన గాజును అటూ ఇటూ తిప్పి చూసి, సన్నటి గీతలు పడినా దాని గుంట చెడలేదని తేల్చారు. చూపించేది గుంటే, వెండి మళ్లీ పూసుకోవచ్చు. ఆ సాయంత్రమే గాజును మళ్లీ పంచెలో చుట్టుకుని కర్నూలు బస్సెక్కారు. అత్తగారు ఆ రెండు రోజులూ నాకిష్టమని ఉగ్గాని చేసి పెట్టారు. నేనూ బెట్టు చేయకుండా తిన్నాను.

అద్దం తిరిగి వచ్చేసరికి మృగశిర కార్తె వచ్చేసింది. ఊరంతా మబ్బు కోసం మొహం పైకెత్తి చూస్తోంది. నేనొక్కదాన్నే మబ్బు రాకూడదని మొక్కుకుంటున్నాను. బయటికి చెబితే కొడతారు. మా సీమ మబ్బుల సంగతి తెలిసిందే, వాన ఇవ్వవు, ఆకాశాన్నీ వదలవు. కడపకు పోవలసిన రోజు దగ్గర పడుతోంది. నాకు నిద్ర పట్టేది కాదు.

ఒక సాయంత్రం గాలి తిరిగి మబ్బు విడిపోయింది. మొదట మిద్దె మీద పెట్టి చూస్తే, పగలంతా కాలిన మిద్దె నుంచి లేచే వేడికి శని పొయ్యి మీది పాలలా కుతకుతలాడాడు. కిందికి దించి కళ్లంలోకి మోసుకుపోయాం. దక్షిణాన జ్యేష్ఠ నక్షత్రం ఎర్రగా ఉంది, దానికి కాస్త పైన, పడమరగా, మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతున్న చుక్క శని. మా ఆయన దాన్ని అద్దంలోకి పట్టి పక్కకు జరిగారు.

అత్తగారు మామగారిని భుజాలు పట్టి సరిగ్గా పక్కకు తిప్పి నిలబెట్టారు. ఆయన కళ్లు మూసుకుని దండం పెట్టుకుని, ఒక కన్ను తెరిచి వంగారు.

"నడుమ బంగారు గుండు మాదిరి ఉండాడు. సుట్టూ ఒడ్డాణం పెట్టినట్టు... ఎవురూ తగిలించకుండానే నిలబడి ఉండాది" అన్నారు మెల్లగా. "ఇంత సక్కనోడా వీడు?"

అంతలోనే కేక పెట్టారు. "యాడికి పోయినాడు? పోతాండాడు, పోతాండాడు!"

భూమి తిరుగుతుంది కాబట్టి గొట్టంలో ఏదీ నిలవదు, మెల్లగా ఒక అంచుకు జరిగి తప్పుకుంటుంది. దాని వెంట గొట్టాన్ని తోస్తూ ఉండాలి. పైగా బొమ్మ తలకిందులు కాబట్టి, చేయి ఒకవైపు తోస్తే శని ఇంకోవైపు పరుగెడతాడు. మా ఆయనకు వారం పట్టిన ఆ విద్య మామగారికి ఆ సాయంత్రమే పట్టుబడింది. పొగరుబోతు గిత్తను మళ్లించినట్టు, చక్రాన్ని వేలితో కొంచెం కొంచెంగా తోస్తూ, "ఇన్నేండ్లూ వాడే నా ఎంట పడినాడనుకుంటి. ఈ పొద్దు వాని ఎంట నేను పడి తిరుగుతాండా" అని పగలబడి నవ్వారు. అత్తగారికి చూపించారు. గొర్రెలు తోలుకుపోతున్న వాళ్లను పిలిచి, వాళ్లను కూడా పక్కకు తిప్పి నిలబెట్టి చూపించారు. నా సంగతి మాత్రం ఎత్తలేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ దీపాలు పెట్టగానే కళ్లంలోకి పోయారు గానీ నోరు విప్పలేదు. నాకు ఇంక ఓపిక పోయింది. గొట్టానికీ ఆయనకూ మధ్య నిలబడి అడిగాను. "మామా, ఆయప్ప ఏం చెప్పినాడు? పోవద్దన్నాడా?"

మామగారు చక్రం మీది చేయి తీసేశారు.

"ఆయప్ప ఏం చెప్తాడు పాపా. ఆయప్ప పని మీద ఆయప్ప పోతాండాడు. మనం ఉండామని కూడా ఆయప్పకు తెలీదు." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "అడ్డం పడింది శని కాదులే, నేనే. నువ్వు పోతే ఈ ఇంట్లో నాతో కొట్లాడేటోళ్లు ఎవురుండారు? మీ అత్త ఊ అంటాది, వాడు గోళ్లు చూసుకుంటాడు. ఆ మాట నోరిడిసి చెప్పలేక ఆయప్ప మీద పెట్టినా."

పోట్లాడటానికి మూడు రోజులుగా మాటలు పోగుచేసి పెట్టుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. ఆయన అంత ఇష్టంగా ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. కళ్లంలోనే కూలబడి ఏడ్చాను. ఆయన కంగారు పడిపోయి, "ఏడ్సొద్దు, ఏడ్సొద్దు. నువ్వు ముందు ఈ పక్కకు రా, ఆయప్ప తప్పించుకుంటాండాడు" అన్నారు.

ఆ వారంలోనే బయలుదేరాం. మావైపు ఇంటి పెద్దాయన కోడలి సామాను మోయడమంటే వింత. పాలేరు చేయి చాపినా ఇవ్వకుండా, మామగారు నా రేకు పెట్టెను తలకెత్తుకుని ఊరి నడిబజారున కడప బస్సు దగ్గరికి ముందు నడిచారు. అరుగుల మీద వాళ్లు నోరు తెరుచుకుని చూశారు. వాళ్లు అడగకముందే ఆయన, "మా కోడలు, కడపకు పోతాండాది, టీచరు సదువుకు" అని ప్రతి అరుగు దగ్గరా ఆగి ఆగి చెప్పుకుంటూ పోయారు.